పేరు దొరకని ఆకుపచ్చ గీత

ధ్రువజ్యోతులను చూడవలెనను కోరిక గలవారు నార్వేకో, ఐస్లాండుకో, కెనడా ఉత్తర భాగమునకో ప్రయాణము కట్టవలసినదే. చీకటి ఆకాశమున ఆకుపచ్చ తెరలు వ్రేలాడి, అలలవలె కదలి, అంచులందు ఎరుపు దాల్చి, గంటల తరబడి ఆడు ఆ దృశ్యము మన రాయలసీమ వారు బొమ్మలలో చూచినదే గాని కన్నులార చూచినది కాదు. మన పల్లెలలో దానికొక వాడుకపేరు కూడ లేదు. వరాహమిహిరుడు బృహత్సంహితలో దిగ్దాహమును గురించి ఒక అధ్యాయము వ్రాసి, దిక్కులు మండినట్లు కనిపించుటను శకునముగా చెప్పినాడు. అది ధ్రువజ్యోతియే యని పట్టుపట్టుటకు వీలులేదు. కార్చిచ్చును, సంధ్యారాగమును కూడ ఆ మాటతో చెప్పవచ్చును గదా.

అయినను, ధ్రువజ్యోతికి ఆ ఆకుపచ్చ రంగునిచ్చు వస్తువు మనకు దూరపుది కాదు. అది మనము పీల్చు ప్రాణవాయువే. ఆ ప్రాణవాయువే, ఇంచుమించు అదే ఎత్తున, సరిగా అదే రంగు వెలుగును ప్రతి రాత్రియు మదనపల్లె మీద, పుంగనూరు మీద, కుప్పము మీద కూడ విడుచుచున్నది. మదనపల్లె నుండి తిరుపతికి పోవు రోడ్డును ఎవరైనా ఎత్తి నిలువుగా నిలిపినచో, దాని కొన ఆ వెలుగుపొరను దాటిపోవును. నేల నుండి సుమారు 97 కిలోమీటర్ల ఎత్తున ఆ పొర మిక్కిలి ప్రకాశమానముగా ఉండును. మన కంటికి రంగు తెలియనంత మందమైన వెలుగు గనుక మనము దానిని గమనింపము. యంత్రములు గమనించుచున్నవి.

ఆ యంత్రములు కూడ ఎంతో దూరమున లేవు. ఈ మూడు ఊళ్ళకు తూర్పున, తిరుపతికి చేరువలో గాదంకి అను గ్రామము కలదు. అక్కడ జాతీయ వాతావరణ పరిశోధనశాల ఉన్నది. 1024 ఏరియళ్ళను ఒక మైదానమున వరుసలు దీర్చి నిలిపిన దాని పెద్ద రాడారు 1990 తరువాతి సంవత్సరములలో పనికి వచ్చినది. ఈ శతాబ్దపు రెండవ దశకములో ఆ ఆవరణలోనే, ఆకాశమునంతటిని ఒక్కసారిగా పట్టగల కటకముతో ఒక కెమెరాను కూడ నిలిపినారు. ప్రాణవాయువు వెలుగును తక్కిన వెలుగులనుండి వేరుచేయు గాజు వడపోతలు దానికి అమర్చినారు. గాదంకి నుండి పక్షి ఎగిరిన దూరము మదనపల్లెకు సుమారు 75 కిలోమీటర్లు, కుప్పమునకు సుమారు 120 కిలోమీటర్లు. వెలుగు పొర అంత ఎత్తున ఉన్నది గనుక ఆ కెమెరాకు ఈ మూడు ఊళ్ళ నెత్తి మీది గాలి చక్కగా కనిపించును. ఊరివారు నిద్రించు వేళ వారి పైకప్పుల మీది ఆకాశము గాదంకిలో బొమ్మ అగుచున్నదన్నమాట.

ఆ వడపోత అద్దము మీద 5577 అను సంఖ్య ఉండును. ఆ నాలుగు అంకెల వెనుక ఒక పెద్ద కథ ఉన్నది. ఈ వెలుగు ఏ పదార్థమునుండి వచ్చుచున్నదో తెలిసికొనుటకు పండితులకు 57 సంవత్సరములు పట్టినది. అందులో ఒక ముఖ్యమైన మలుపు మన గుంటూరు నేల మీద జరిగినది.

1860 ప్రాంతములో జర్మనీలో బున్సెను, కిర్కాఫ్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు ఒక గొప్ప సంగతిని స్థాపించినారు. ఏ మూలపదార్థమునైనను మండించి, ఆ వెలుగును పట్టకము గుండ పంపినచో, దానికే చెందిన కొన్ని రంగుగీతలు ఏర్పడును. ఉప్పులోని సోడియమునకు పసుపుపచ్చని జంటగీత. ఉదజనికి ఎర్రనిది, నీలి రంగువి. వ్రేలిముద్ర ఎట్లో ఈ గీతలట్లు. దూరమున ఉన్న నక్షత్రములో ఏమున్నదో చేయి పెట్టి చూడనక్కరలేదు, దాని గీతలను చూచిన చాలును. ఈ విద్య చేతికి వచ్చిన నాటినుండి వర్ణపటదర్శనిని ఆకాశము వైపు త్రిప్పనివారు లేరు. త్రిప్పినవారికి ఐదారేండ్ల లోపల నాలుగు అపరిచితులు ఎదురుపడినారు.

మొదటిది 1864లో. ఇంగ్లండులో విలియం హగ్గిన్సు ఒక నీహారికను చూడగా, ఏ మూలపదార్థముతోను సరిపోలని ఆకుపచ్చ గీతలు కనిపించినవి. రెండవది ధ్రువజ్యోతి. స్వీడనులోని ఉప్సాలాలో ఆండర్స్ ఆంగ్‌స్ట్రాం 1867–68 శీతకాలమున దానిని పరీక్షించి, వెలుగులో ఎక్కువ భాగము ఒక్క గీతలోనే ఉన్నదని కనుగొన్నాడు. కాంతి తరంగముల పొడవును కొలుచుటకు మిల్లీమీటరులో కోటవ వంతును కొలమానముగా వాడినవాడు ఆయనయే. నేడు ఆ కొలమానమునకు ఆయన పేరే ఉన్నది. ఆయన కొలతకు ఆ గీత 5567 వద్ద వచ్చినది. అసలు స్థానము 5577. ఆనాటి పరికరముతో, కదలిపోవుచున్న వెలుగును కొలిచి, పది ఆంగ్‌స్ట్రాంల తేడాకు మించనీయకపోవుట చిన్న పని కాదు.

ఆ గీత రంగు ఆకుపచ్చయా, పసుపుపచ్చయా అన్నది కూడ ఆనాడు తేలని మాట. ఆంగ్‌స్ట్రాం రెంటికి నడుమ అన్నాడు. మన తెలుగులో ‘పచ్చ’ అన్న ఒక్క మాట ఆకునకును పసుపునకును చెల్లుచున్నది గనుక ఆ చిక్కు మనకు లేదు.

ఆంగ్‌స్ట్రాం గమనించిన మరొక సంగతి ఉన్నది. దానికి రావలసిన ప్రసిద్ధి రాలేదు. ధ్రువజ్యోతి ఏమియు లేని ఒక నక్షత్రరాత్రి, ఆకాశమంతయు లీలగా మెరసినట్లున్న వేళ, ఏ దిక్కునకు త్రిప్పినను అదే గీత మందముగా కనిపించినదని ఆయన వ్రాసినాడు. నేడు గాదంకి కెమెరా పట్టుచున్నది దానినే. అప్పటికి దానిని పట్టించుకొన్నవారు అరుదు.

మూడవ అపరిచితుడు మనవాడు. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణము. దాని నీడ బిజాపురము మీదుగా తెలుగుదేశమును అడ్డముగా దాటి, గుంటూరు, మచిలీపట్నముల మీదుగా సముద్రములోనికి పోయినది. ఐదు నిమిషములకు పైగా చీకటి. ఫ్రాన్సు నుండి జూల్ జాన్సెన్ గుంటూరు వచ్చి విడిసినాడు. ఆంగ్లేయ సైనికాధికారి టెనెంటు కూడ గుంటూరుననే. మద్రాసు వేధశాల అధిపతి నార్మన్ పోగ్సన్ మచిలీపట్నమున నిలిచినాడు. అదే వేధశాలలో పనిచేయుచు, అంతకు ముందటి సంవత్సరమే ఒక చరతారను కనుగొని పేరొందిన చింతామణి రఘునాథాచారి వనపర్తికి వెళ్ళినాడు. గ్రహణపు చరిత్ర వ్రాయునపుడు మనవారు జాన్సెనును తలచినంతగా రఘునాథాచారిని తలచకపోవుట న్యాయము కాదు.

చంద్రుడు సూర్యబింబమును కప్పగనే అంచున ఎగసిన జ్వాలలలో ప్రకాశవంతమైన గీతలు మెరసినవి. వాటిలో పసుపుపచ్చనిది ఒకటి. చూచినవారిలో ఎక్కువమంది దానిని సోడియమనియే భావించినారు. పోగ్సనుకు మాత్రము అది సోడియము స్థానముననే సరిగా ఉన్నదా అను సందేహము తోచినది. జాన్సెన్ మరునాడు, గ్రహణము లేకుండగనే, పూర్తి సూర్యుని అంచున ఆ జ్వాలల గీతలను గుంటూరులో మరల చూడగలిగినాడు. అంతవరకు గ్రహణము కొరకు సంవత్సరములు వేచియుండవలసిన పని, నాటినుండి ప్రతిదినము చేయదగిన పని అయినది. కొలది వారములకు ఇంగ్లండులో నార్మన్ లాకియరు అదే పద్ధతిని తానుగా కనిపెట్టి, ఆ పసుపు గీత సోడియము కానేకాదని తేల్చినాడు. తెలిసిన ఏ పదార్థమునకును అది చెందదు గనుక, సూర్యుని గ్రీకు పేరును బట్టి హీలియమను క్రొత్త మూలపదార్థము ఉన్నదన్నారు. చాలమంది నవ్వినారు. 1895లో విలియం రాంజే యురేనియము గల ఒక ఖనిజములోనుండి ఆ వాయువును తీసి చూపిన తరువాత ఆ నవ్వు ఆగినది.

నాలుగవది 1869 గ్రహణమున అమెరికాలో కనిపించిన ఆకుపచ్చ గీత. సూర్యుని చుట్టు వెలుగు కిరీటములో ఉన్నదది.

హీలియము నిజమై నిలుచుటతో తక్కిన మూడింటికిని అదే న్యాయము వర్తించుననుకొన్నారు. నీహారిక గీతకు నెబ్యూలియమని, కిరీటపు గీతకు కరోనియమని పేర్లు పుట్టినవి. కంటికి కనిపించినది గీత ఒక్కటే. దానికి వెనుక ఒక పదార్థమును ఊహించి, ఆ ఊహకు నామకరణము చేసి, గ్రంథములలో ఎక్కించినారు. పేరు పెట్టిన తరువాత వస్తువు ఉన్నదనియే నమ్ముట మనుష్యులకు సులభము. ఒక్కసారి ఫలించిన ఉపాయము అన్నిచోట్ల ఫలింపదని తెలియుటకు అరవై, డెబ్బది ఏండ్లు పట్టినది.

ధ్రువజ్యోతి గీత సంగతి మరికొంత చిత్రమైనది. 1898లో రాంజే క్రిప్టాను అను వాయువును కనుగొన్నాడు. దానికి 5570 వద్ద ఆకుపచ్చ గీత కలదు. ధ్రువజ్యోతి రహస్యము విడిపోయినదని సంతోషించినవారున్నారు. కొలతలు మెరుగైన కొలది, ఆ ఏడు ఆంగ్‌స్ట్రాంల తేడా పూడునది కాదని తేలినది. 1911లో జర్మను శాస్త్రజ్ఞుడు ఆల్‌ఫ్రెడ్ వెగెనరు, వాతావరణపు పై అంతస్తులో ఉదజని కంటె తేలికైన వాయువొకటి ఉండవలెనని, ఈ గీత దానిదని చెప్పి, దానికి జియోకరోనియమని పేరు పెట్టినాడు. ఖండములు కదలునని తరువాతి సంవత్సరమున చెప్పినవాడు ఈ వెగెనరే. ఆ సిద్ధాంతమునకు ఆయన జీవితకాలములో ఎగతాళియే మిగిలినది. కాని నిలిచినది అదియే. పోయినది జియోకరోనియము.

తరువాత నార్వేవాడగు లార్స్ వేగార్డ్. ఈయన ధ్రువజ్యోతులను దగ్గరనుండి ఎరిగినవాడు. 1924లో లైడెను నగరమందలి అతిశీతల ప్రయోగశాలలో నత్రజనిని గడ్డకట్టించి, దాని మీదికి ఎలెక్ట్రానులను దూకించి చూడగా ఆకుపచ్చని వెలుగు వచ్చినది. అది 5577 చెంతనే ఉన్నది. అంతట ఆయన, మన తలల మీద వంద కిలోమీటర్ల ఎత్తున నత్రజని మంచుపొడి తేలుచున్నదని, దాని వెలుగే ధ్రువజ్యోతియని ప్రకటించినాడు. ఇది తప్పే. కాని ఫలితమిచ్చిన తప్పు. ఆ ప్రకటనను పరీక్షింపవలెనని పూనుకొన్నవారికే అసలు సమాధానము దొరికినది.

వారు కెనడాలో టొరాంటో విశ్వవిద్యాలయమందలి జాన్ మెక్‌లెన్నన్, ఆయన శిష్యుడు గోర్డన్ ష్రమ్. వేగార్డ్ ప్రయోగమును మరల చేసి, నత్రజని వెలుగు ఒక వెడల్పాటి పట్టీయే గాని సన్నని గీత కాదని వారు చూచినారు. ఆ పాటికి అమెరికాలో బాబ్‌కాక్ 1923లోనే, ధ్రువజ్యోతి లేని మామూలు రాత్రుల ఆకాశపు వెలుగును వాడుకొని, ఆ గీత స్థానమును 5577.35 అని దశాంశములతో సహా కొలిచి ఉంచినాడు. దొంగ ఎత్తు, బరువు ఇంత ఖచ్చితముగా తెలిసినపుడు పోలికలతో మోసపోవుట కష్టము.

టొరాంటో ప్రయోగశాలకు ఒక సంపద ఉండెను. మొదటి ప్రపంచయుద్ధకాలమున గాలియోడల నిమిత్తము కెనడా భూగర్భ వాయువులలోనుండి హీలియమును తీయు పనిని మెక్‌లెన్నన్ నిర్వహించినాడు. 1923లో ఆయన శాల హీలియమును ద్రవముగా మార్చగలిగినది. లైడెను తరువాత ప్రపంచమున అట్టి శాల అది రెండవది. ఆ హీలియము చేతిలో ఉండుటచేత దానిలో కొంచెము ప్రాణవాయువును కలిపి విద్యుత్తును ప్రవహింపజేసినారు. 1925లో, ఆ గొట్టములో, సరిగా 5577 వద్ద సన్నని ఆకుపచ్చ గీత వెలిగినది. హీలియముది కాదు అది. ప్రాణవాయువుది. గుంటూరు, మచిలీపట్నముల ఆకాశమున పసుపు గీతగా తొలిసారి తల చూపిన ఆ వాయువు, 57 ఏండ్లకు తన తోటి అపరిచితునికి సాక్ష్యము చెప్పినదన్నమాట.

తక్కిన ఇద్దరి సంగతి త్వరగా చెప్పి ముగించెదను. 1927లో ఐరా బోవెన్ నెబ్యూలియము లేదని, ఆ గీతలు రెండేసి ఎలెక్ట్రానులు కోల్పోయిన ప్రాణవాయువువని లెక్క చేసి చూపినాడు. కరోనియము మిక్కిలి వేడెక్కి పదమూడు ఎలెక్ట్రానులు పోగొట్టుకొన్న ఇనుమని 1940 ప్రాంతములో తేలినది. నలుగురిలో క్రొత్తవాడు హీలియము ఒక్కడే. తక్కినవారు మన ఇంటివారే, వేషము మార్చుకొని వచ్చినారు.

మరి ప్రాణవాయువు భూమి మీద ఇంత సమృద్ధిగా ఉండగా, దాని గీతను ప్రయోగశాలలో అంతవరకు ఎవరును ఎందుకు చూడలేదు? ఈ ప్రశ్నకు సమాధానము తెలిసినచో తక్కినది సులభము.

క్రింద మనము పీల్చు ప్రాణవాయువులో పరమాణువులు జంటలుగా ఉండును. వంద కిలోమీటర్ల పైన సూర్యుని అతినీలలోహిత కిరణములు ఆ జంటలను విడదీయుటచేత ఒంటరి పరమాణువులు విస్తారముగా ఉండును. ఒక ఒంటరి పరమాణువును ఎలెక్ట్రాను వచ్చి కొట్టినచో అది శక్తిని పుచ్చుకొని మెట్టు ఎక్కును. రెండవ మెట్టునుండి మొదటి మెట్టునకు దిగునపుడు ఆకుపచ్చ వెలుగు, 5577. మొదటి మెట్టునుండి నేలకు దిగునపుడు ఎర్రని వెలుగు, 6300. ఇతర పరమాణువులు సాధారణముగా సెకనులో పదికోట్లవ వంతులోపల దిగిపోవును. ఇది అట్లు కాదు. పరమాణు నియమములు ఈ దిగుడును ఇంచుమించుగా నిషేధించినవి. అందుచేత ఆకుపచ్చ మెట్టు దిగుటకు సుమారు ముప్పాతిక సెకను, ఎర్రమెట్టు దిగుటకు దాదాపు 110 సెకనులు పట్టును.

మదనపల్లె టమాటా మార్కెట్టు పొద్దుటి వేళ ఎట్లుండునో చూచినవారికి దీనిని వేరుగా చెప్పనక్కరలేదు. నెత్తిన నిండుకుండతో ఆ సందడిలో నడచు మనిషి ఇల్లు చేరులోపల ఎవరో ఒకరు తగిలి నీరంతయు ఒలికిపోవును. నేల దగ్గరి గాలిలో ఒక పరమాణువునకు సెకనులో వందల కోట్ల తాకిడులు. ముప్పాతిక సెకను నిలకడగా నిలుచుట దానికి కలలోని మాట. మోసికొన్న శక్తి వెలుగు కాకముందే ఇతరుల పాలగును. అదే మనిషి హార్స్‌లీ కొండల దారిన ఒంటరిగా నడచినచో కుండ నిండుగా ఇల్లు చేరును. వంద కిలోమీటర్ల పైన గాలి అట్టి దారి. అక్కడ తాకిడులు లేకపోలేదు గాని, నత్రజని ఆకుపచ్చ మెట్టు మీది పరమాణువు జోలికి అంతగా పోదు. ఎర్రమెట్టు మీది దానిని మాత్రము వదలదు. అందుచేత ఎరుపు కనిపించవలెనన్నచో 200 కిలోమీటర్లకు పైన, గాలి ఇంకను పలుచనైన చోటికి పోవలెను. ధ్రువజ్యోతిలో ఆకుపచ్చ క్రింద, ఎరుపు పైన ఉండుటకు కారణమిదియే.

టొరాంటో గొట్టములో హీలియము చేసిన ఉపకారము కూడ ఇదియే. హీలియము పరమాణువులు తగులును గాని శక్తిని లాగుకొనవు. పైగా, ప్రాణవాయువు పరమాణువు గాజుగోడను చేరి అక్కడ ఒలకబోయకుండ దారిలో ఆలస్యము చేయును. జాతరలో నిండుకుండకు దారి ఇచ్చు మర్యాదస్థులవంటివి అవి.

ఇక మన ఆకాశము. ఉత్తర దేశములలో పరమాణువులను కొట్టు ఎలెక్ట్రానులు సూర్యపవనము చేత కదలి, భూమి అయస్కాంత క్షేత్రములో వేగము పుంజుకొని, క్షేత్రరేఖల వెంట ధ్రువ ప్రాంతములకు దిగును. మన దక్షిణాదిలో క్షేత్రరేఖలు నేలకు ఇంచుమించు సమాంతరముగా పరచుకొని ఉన్నవి. అయస్కాంత భూమధ్యరేఖ మనకు కొంచెము దక్షిణముననే, ద్వీపకల్పపు కొనకు చేరువగా పోవుచున్నది. పైనుండి దిగుటకు ఇక్కడ మెట్లు లేవు. మరి మన మీది ఆకుపచ్చ వెలుగునకు శక్తి ఎక్కడిది? పగటి ఎండదే. పగలు విడిపోయిన పరమాణువులు రాత్రి మరల కలిసికొనును. కలయికలో విడుదలైన శక్తి మరొక పరమాణువును మెట్టు ఎక్కించును. ఈ మార్గమును 1931లో సిడ్నీ చాప్‌మన్ సూచించినాడు. అది ఒక్క అడుగులో కాదు, రెండడుగులలో జరుగునని 1960 తరువాత చార్లెస్ బార్త్ దిద్దినాడు. పగలంతయు కూడబెట్టి రాత్రి వెచ్చించు ఈ గాలి మన సీమ రైతు కంటె మేలు. అతనికి కూడబెట్టు సమయమే దొరకదు.

వెలుగు ఎంత అన్నచో, దానికి రేలీ అను కొలమానము ఉన్నది. 1920 తరువాత ఈ రాత్రివెలుగును పట్టుదలతో కొలిచిన నాలుగవ రేలీ ప్రభువు పేరది. మన మీది ఆకుపచ్చ వెలుగు సుమారు 200 నుండి 300 రేలీలు. కంటికి కనిపించు అతి మందమైన ధ్రువజ్యోతి 1000, మహోజ్జ్వలమైనది 10 లక్షలు.

ఉత్తరపు వెలుగు ఎప్పుడైనను మన వైపు దిగినదా అని శ్రోతలు అడుగుదురు. దిగినది. 1872 ఫిబ్రవరి 4, ఆదివారము రాత్రి బొంబాయిలో ధ్రువజ్యోతి కనిపించినదని అక్కడి పత్రిక వ్రాసినది. అదే సమయమున సముద్రగర్భపు టెలిగ్రాఫు తీగలు, నేల మీది తీగలు కూడ కల్లోలపడినవి. అంతకు ముందు 1859 సెప్టెంబరులో వచ్చిన మహా అయస్కాంత తుఫానును బొంబాయి కొలాబా వేధశాలవారు కొలిచి వ్రాసి ఉంచినారు. ఆ కొలతలను నేటికిని ప్రపంచపు శాస్త్రజ్ఞులు పరిశీలించుచున్నారు. మన కాలమున 2024 మే 10, 11 తేదీల రాత్రి లడఖ్‌లోని హాన్లే వేధశాల కెమెరాలో ఉత్తరపు అంచున ఎర్రని కాంతి పడినది. అంత దూరమునుండి చూచువారికి క్రింది ఆకుపచ్చ భాగము భూమి వంపు వెనుక దాగిపోవును. 200 కిలోమీటర్ల పైనున్న ఎరుపు ఒక్కటే తల ఎత్తి కనిపించును. అదియును 6300 గీతయే.

ఆ ఎర్రగీతతో రేడియో గల ఇండ్లవారికి దగ్గరి చుట్టరికము ఉన్నది. రాత్రి వేళ షార్టువేవు తరంగములను వెనుకకు మరల్చునది 250 కిలోమీటర్లు, ఆ పైని విద్యుదావేశపు పొర. అక్కడ ఆవేశము గల ప్రాణవాయువు జంట ఒక ఎలెక్ట్రానును కలిసికొని విడిపోవునపుడు ఎర్రవెలుగు పుట్టును. కాబట్టి ఆ వెలుగు బొమ్మ ఒక విధముగా ఆ పొర యొక్క బొమ్మ. సూర్యాస్తమయము తరువాత మన ప్రాంతమున ఆ పొర అడుగున బుడగలు పుట్టి, పాలు పొంగినట్లు పైకి లేచును. ఎలెక్ట్రానులు తక్కువ గల ఆ బుడగలు ఎర్రని బొమ్మలో ఉత్తర దక్షిణములుగా సాగిన నల్లని చారలుగా పడి, మెల్లగా తూర్పునకు కదలును. వాటి గుండ వచ్చిన ధ్వని వణకును. కొన్ని రాత్రులు దూరపు స్టేషను ఉవ్వెత్తున వినిపించి అంతలో లోగొంతుక అగుట విని, సెట్టును తట్టి చూచినవారెందరో. తప్పు సెట్టుది కాదు. నేడు దారి చూపు ఉపగ్రహముల సంకేతములకును ఈ బుడగలే బెడద గనుక గాదంకిలో వాటిని కనిపెట్టి ఉండుట వట్టి కుతూహలము కాదు. మన రాష్ట్రమున ఈ పై పొరల పరిశోధనకు తొలి పునాదులు వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయమున పడినవి. అక్కడనే కొచ్చెర్లకోట రంగధామరావుగారు వర్ణపట విద్యకు ఒక శాలను నెలకొల్పి శిష్యకోటిని తయారుచేసినారు.

కుప్పమునకు ఆగ్నేయముగా, 60 కిలోమీటర్ల లోపుననే, రాష్ట్రపు సరిహద్దు దాటిన తరువాత జవ్వాది కొండలలో కావలూరు వేధశాల ఉన్నది. హైదరాబాదున చదివి, నిజామియా వేధశాల ఆవరణలో నక్షత్రవిద్య నేర్చిన వేణు బాప్పు 1968లో దానిని ఆరంభింపజేసినారు. 1986లో ప్రారంభమైన 2.34 మీటర్ల దూరదర్శిని ఆయన పేరు వహించినది. నక్షత్రముల వర్ణపటమును తీయువారికి ఏ తారను పట్టినను, ఎంత మారుమూల నీహారికను పట్టినను, పిలువని చుట్టమువలె 5577 వద్ద ఒక గీత వచ్చి కూర్చుండును. వారు ముందుగా దానిని లెక్క కట్టి తీసివేయవలెను. ఒక్కొక్కసారి తమ కొలబద్ద సరిగా ఉన్నదో లేదో చూచుకొనుటకు దానినే ఆధారము చేసికొందురు. నీహారికలో నెబ్యూలియమును వెదకిన హగ్గిన్సు నాటికి, ఈ వెలుగు తన తల మీదనే ఉన్నదని తెలియదు.

చంద్రుడు లేని, మబ్బు లేని రాత్రి హార్స్‌లీ కొండల మీదికి పోవుట తటస్థించినవారు దీపములకు దూరముగా నిలిచి, కన్ను చీకటికి అలవాటు పడుటకు అరగంట ఓపిక పట్టవలెను. నడినెత్తిన గాక, దిగంతమునకు కొంచెము పైన, చాచిన పిడికిలి ఒకటి ఒకటిన్నర ఎత్తున చూడవలెను. అక్కడ మన చూపు వెలుగు పొరను ఏటవాలుగా, ఎక్కువ దూరము చీల్చుకొని పోవును గనుక ఆకాశము పై భాగము కంటె లేతగా, బూడిద తెలుపుగా కనిపించును. పాలపుంత వెలుగు అది కాదు, ఊరి దీపముల వెలుగు కాదు. అన్ని దిక్కుల సమానముగా ఉన్నచో అది ప్రాణవాయువుది, దానికి తోడు ఆ ఎత్తుననే వెలుగు మరికొన్ని వాయువులది.